రాగిణీదేవి

పదునేడవ శతాబ్దమున డచ్చివారు గోదావరీ మండలమందలి పాలకొల్లున వర్తకశాల నెలకొల్పి, మన వస్త్రములను ఓడలపై తరలించుకొని పోయిరి. ఇట్లు వర్తకమునకై సముద్రములు దాటి మన దేశమునకు వచ్చినవారు పెక్కురు. విద్యకై వచ్చి గురువులకడ శిష్యులై కూర్చున్నవారు కొందరే. అట్టివారిలో రాగిణీదేవి యొకతె.

ఆమె తొలి పేరు ఎస్తరు షెర్మన్. 1893లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున జన్మించెను. ఆమెకు భారతీయ నృత్యముపై మక్కువ మెండు. కాని నేర్పువారు అచ్చట దొరకుట కష్టము. అందుచే గ్రంథాలయములలోని పుస్తకములను చదివి, తనకు తోచినరీతిని నర్తింపసాగెను. నాగపూరునుండి వచ్చి, అమెరికాలో భారత స్వాతంత్ర్యమునకై పాటుపడుచున్న రామలాల్ వాజపేయిని వివాహమాడెను. 1922లో రాగిణీదేవి అను పేరుతో న్యూయార్కు రంగస్థలమున నర్తించెను. చూచినవారు ఆమెను భారతదేశమున పుట్టినదనియే నమ్మిరి. ఆమెయు ఆ నమ్మకమును తొలగింపలేదు. కీర్తి కలిగెను, కాని ఆ విద్య గురుముఖమున నేర్చినది కాదు.

ఆ కొరత తీర్చుకొనుటకు 1930లో ఆమె దక్షిణ భారతమునకు వచ్చెను. ఆ యేడే ఇంద్రాణి అను కుమార్తె కలిగెను. ఆ దినములలో దేవాలయనర్తకుల ఆటను విద్యావంతులు పలువురు ఈసడించుచుండిరి. రాగిణీదేవి ఆ నిందను లెక్కింపక, మైలాపూరు గౌరి అమ్మాళ్‌ను ఆశ్రయించి నాట్యము నేర్చెను. పిదప మహాకవి వళ్లత్తోళ్ స్థాపించిన కేరళ కళామండలమున చేరెను. ఆ కాలమున పురుషులే స్త్రీపాత్రలను ధరించుచుండిన కథకళిని, నలుబది యేండ్లకు చేరువైన వయస్సున, ఆమె పట్టుదలతో అభ్యసించెను.

అనంతరము గోపీనాథ్ అను యువనటునితో కూడి దేశమంతట ప్రదర్శనము లిచ్చెను. రాత్రియంతయు సాగు పురాణగాథలను నగరములలోని రంగస్థలమునకు తగినట్లు కుదించి చూపిరి. ఆలయప్రాంగణముల కళ ఈ విధముగా పాశ్చాత్య పద్ధతి నాటకశాలలలో అడుగిడెను. తరువాత ఆమె ఐరోపాలోను, అమెరికాలోను నర్తించెను. 1972లో భారతీయ నృత్యరీతులపై గ్రంథమును ప్రకటించెను. 1982లో కన్నుమూసెను.

మన కూచిపూడియందును పూర్వము పురుషులే స్త్రీవేషములు ధరించెడివారు. ఇంద్రాణి పెరిగి పెద్దదై, కోరాడ నరసింహారావుగారికడ ఆ నాట్యము నేర్చి విదేశములలో ప్రదర్శించెను. తల్లి వెదకివచ్చిన విద్యను బిడ్డ తెలుగువారికడ మరికొంత సంపాదించెను. తెలియనిదానిని తెలిసినట్లు ఆడి పొందిన మెప్పును విడిచి, మరల మొదటినుండి నేర్చుకొనుటయే రాగిణీదేవి జీవితమునందలి గొప్పతనము.