జీవరసాయనవేత్త యల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895 జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యంలో ఆయనకు చదువుపై ఆసక్తి తక్కువ. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణులయ్యారు. పరీక్ష తప్పిన మా విద్యార్థులకు ఈ సంగతి నేను తరచుగా చెబుతుంటాను. మూడవ ప్రయత్నానికి ఆయన పడిన శ్రమను కూడ చెప్పడం మరువను.

మద్రాసు వైద్య కళాశాలలో చదువుతున్న కాలంలో గాంధీజీ పిలుపు నందుకొని సుబ్బారావు ఖద్దరు ధరించారు. అది ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి రుచించలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో ఆయన తృప్తిపడవలసి వచ్చింది. అనంతరం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది పట్టా కాదు, ఇంట జరిగిన ఘోరం. స్ప్రూ అనే సంగ్రహణి వ్యాధి ఆయన సోదరుల నిద్దరిని కొద్దిరోజుల తేడాతో బలిగొన్నది. ఆ వ్యాధిలో తిన్న ఆహారం ఒంటబట్టదు. రక్తం క్షీణించి మనిషి శుష్కించిపోతాడు. ఆనాటి వైద్యుల చేతిలో దానికి తగిన మందు లేదు.

1920వ దశకం తొలినాళ్ళలో, మామగారి ఆర్థిక సహాయంతో, భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు. మరల స్వదేశానికి రాలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువుతూ, పొట్టపోసుకొనుటకు రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరిచారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి, రక్తమూత్రాదులలో భాస్వరం పరిమాణాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అనే ఎ.టి.పి.ని 1929లోను వారు వెలుగులోకి తెచ్చారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడ ఎ.టి.పి.ని కనుగొన్నాడు. దీని పని శ్రీరాంపూర్ విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. గని నుండి వెలికితీసిన బొగ్గు నేరుగా దీపాన్ని వెలిగించలేదు. విద్యుత్కేంద్రంలో మండి, విద్యుత్తుగా మారిన పిదపనే ఇంటికి వెలుగు నిస్తుంది. అట్లే మనం తిన్న అన్నంలోని శక్తి, జీవకణంలో ఎ.టి.పి. రూపం దాల్చిన పిదపనే కండరాన్ని కదిలించగలదు.

ఇంతటి పరిశోధన చేసినా హార్వర్డులో సుబ్బారావుకు స్థిరమైన ఆచార్యపదవి లభించలేదు. 1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడి పరిశోధక బృందం ఆయన నాయకత్వంలో 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తకణాల ఉత్పత్తికి అత్యవసరమైన విటమిన్ ఇది. స్ప్రూ రోగులకు ఇచ్చినప్పుడు వారి రక్తహీనత తగ్గి, ఆకలి పుట్టింది. సోదరుల మరణం తరువాత రెండు దశాబ్దాలకు పైగా గడిచాక, ఆ వ్యాధికి మందు ఆయన ప్రయోగశాల నుండే వెలువడింది.

కథ అంతటితో ఆగలేదు. రక్తక్యాన్సరులో కణాలు అదుపులేకుండ పెరుగుతాయి. వాటి వృద్ధికి కూడ ఫోలిక్ ఆమ్లం కావాలి. రూపంలో దానిని పోలి, పనిలో దానికి విరోధియైన పదార్థాన్ని ఇస్తే కణం మోసపోయి పెరుగుదల ఆగిపోతుంది. సుబ్బారావు బృందం రూపొందించిన అమినాప్టెరిన్ అట్టిదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దీనిని పదహారుమంది పిల్లలకు ఇవ్వగా, పదిమందిలో వ్యాధి తాత్కాలికంగా ఉపశమించింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో ప్రచురితమయ్యాయి. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్‌ను వైద్యులు క్యాన్సరుకే గాక కీళ్ళవాతానికి కూడ నేటికీ వాడుతున్నారు. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో ఇంటింటా పంచిన డి.ఇ.సి. మాత్ర, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం కూడ ఆయన పర్యవేక్షణలోని ప్రయోగశాల నుండి వచ్చినవే.

ఫార్బర్ ఫలితాలు వెలువడిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. అప్పటికి ఆయన వయస్సు యాబది మూడు సంవత్సరాలు. అమెరికా పౌరసత్వం ఆయన తీసుకోలేదు. 1995లో, ఆయన శతజయంతి సంవత్సరంలో, భారత ప్రభుత్వం ఆయన స్మారకంగా తపాలాబిళ్ళను విడుదల చేసింది.