గుంటూరు గ్రహణం - జాన్సెన్

ఎప్పుడో ఒకసారి కనిపించి, మళ్లీ వెదకబోతే కంటబడని విషయం పరిశోధకులను మిక్కిలి ఇబ్బంది పెడుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములో అప్పుడప్పుడు తలెత్తే లోపం అటువంటిదే. దానిని కోరినప్పుడు కనిపించేటట్లు చేసుకోగలిగితే తప్ప కారణం తెలియదు. తెలిసిన దానిని ఇతరులు సరిచూసుకోగలిగే విధంగా నివేదించకపోతే ప్రయోజనం ఉండదు. కంప్యూటర్లు పుట్టకముందే ఈ రెండు పనులనూ గుంటూరు పట్టణంలో చేసి చూపిన ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్.

జాన్సెన్ 1824 ఫిబ్రవరి 22న పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి సంగీతకారుడు. పసితనంలో జరిగిన ప్రమాదం వలన ఆయనకు జీవితాంతం కుంటితనం మిగిలింది. ఆయన చదువు సక్రమంగా సాగలేదు. చిన్న వయసులోనే ఉద్యోగంలో చేరి, తరువాత స్వయంకృషితో గణిత, భౌతిక శాస్త్రాలను అభ్యసించి, 1860లో డాక్టరేటు పొందాడు. కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని ఆయనకు ప్రియమైన పరికరం.

సంపూర్ణ సూర్యగ్రహణ సమయంలో చంద్రబింబం అంచున ఎర్రని జ్వాలలు కనిపిస్తాయి. అవి సూర్యునివేనని 1860 నాటి గ్రహణ ఛాయాచిత్రాల వలన స్పష్టమైంది. అయితే అవి ఏ పదార్థంతో ఏర్పడినవో ఎవరికీ తెలియదు. గ్రహణం విడవగానే అవి అదృశ్యమవుతాయి. మళ్లీ చూడాలంటే మరొక గ్రహణం కోసం, మరొక దేశానికి ప్రయాణం కట్టవలసిందే.

1868 ఆగస్టు 18న ఏర్పడబోయే గ్రహణపు నడిమి రేఖ గుంటూరు మీదుగా సాగుతుందని గణితజ్ఞులు లెక్కగట్టారు. అటు సముద్రపు మంచుకూ, ఇటు కొండల మీది మబ్బులకూ దూరంగా ఉన్న ఆ నల్లరేగడి మైదానమే అనువైనదని భావించి జాన్సెన్ అక్కడికి చేరుకున్నాడు. ఒక ఫ్రెంచి వర్తకుని మేడపై పరికరాలను అమర్చుకున్నాడు. ఆంగ్లేయ పరిశీలకులు కూడా అదే పట్టణంలో విడిది చేశారు. అది వానల కాలం. ఒక్క మబ్బు అడ్డు వచ్చినా అంత దూరపు ప్రయాణం వ్యర్థమే.

అదృష్టవశాత్తు ఆనాటి ఉదయం సూర్యుడు కనిపించాడు. ఆరు నిమిషాలకు లోపే ముగిసిన ఆ చీకటిలో జ్వాలల వర్ణపటంలో విడివిడిగా మెరిసే గీతలను జాన్సెన్ చూశాడు. జ్వాలలు వాయుమయమనీ, వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అనీ గ్రహించాడు. గీతల ప్రకాశం చూడగానే ఆయనకు మరొక ఆలోచన తోచింది. జ్వాలలు ఎక్కడికీ పోవడం లేదు. పగటి వెలుగు వాటిని కప్పివేస్తున్నది. ఆ వెలుగును వర్ణపటంలో విశాలంగా పరిస్తే అది పలచబడుతుంది. జ్వాలల కాంతి మాత్రం కొద్ది గీతలలోనే కేంద్రీకృతమై నిలుస్తుంది.

ఆనాడు తరువాత మబ్బులు కమ్మడంతో పరీక్షించడానికి వీలు కలగలేదు. మరునాడు తెల్లవారగానే పరికరపు సన్నని చీలికను సూర్యబింబపు అంచున నిలిపాడు. గ్రహణం లేకుండానే గీతలు ప్రత్యక్షమయ్యాయి. ఆయన అంతటితో తృప్తిపడలేదు. సెప్టెంబరు 4 వరకు 17 రోజులపాటు పరిశీలించి, జ్వాలల ఆకారాలనూ, వాటిలో కలిగే మార్పులనూ నమోదు చేశాడు.

తన పద్ధతిని వివరిస్తూ సెప్టెంబరు 19న కాకినాడ నుండి పారిస్ విజ్ఞాన పరిషత్తుకు లేఖ రాశాడు. ఆ లేఖ సముద్రాలు దాటి చేరేలోపు, అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అదే ఫలితాన్ని స్వతంత్రంగా సాధించాడు. విచిత్రంగా రెండు నివేదికలూ అక్టోబరు 26న ఒకే సమావేశం ముందుకు వచ్చాయి. ఆ ఘనత ఇద్దరికీ దక్కింది. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో పతకం ముద్రించింది.

ఆ గ్రహణంనాడు పరిశీలకులు చూసిన పసుపు గీత ఒకటి తెలిసిన ఏ మూలకానికీ సరిపోలలేదని లాకియర్ తరువాత నిర్ణయించాడు. అదే హీలియం. 1895లో విలియం రామ్సే దానిని భూమి మీద గుర్తించాడు. గుంటూరులోనే హీలియం కనుగొన్నారనడం వాడుకలో ఉన్నప్పటికీ, అది అనేకుల కృషి ఫలం.

1870లో శత్రువులు పారిస్‌ను ముట్టడించినప్పుడు జాన్సెన్ గ్రహణం చూడడానికి బెలూనులో నగరం దాటిపోయాడు. ఆల్జీరియాలోని ఒరాన్ చేరినా, మబ్బులు గ్రహణాన్ని కప్పివేశాయి. మరుసటి ఏడు మళ్లీ భారతదేశానికి వచ్చి, నీలగిరులలో గ్రహణాన్ని పరిశీలించాడు. అనంతరం మ్యూడాన్ వేధశాలను స్థాపించి, 1907 డిసెంబరు 23న మరణించే వరకు దానికి అధిపతిగా ఉన్నాడు.

ఆరు నిమిషాల దర్శనాన్ని ఏ పగలైనా చేయగల పరిశీలనగా మార్చడమే జాన్సెన్ ఘనత. కనిపించినది నిజమని తాను నమ్మడంతో ఆగక, ఎవరైనా మళ్లీ చూడగల మార్గాన్ని ఆయన లోకానికి అందించాడు.