వెర్వోర్డు: ఒక ఆచార్యుని కథ

మా పూతలపట్టు ప్రాంతము 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. ఆ యేటనే చిత్తూరు జిల్లా ఏర్పడెను. ఆ యేటనే దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకు కూలీలను పంపుట నిలిచెను. 1860 మొదలుకొని అంతవరకు మదరాసు, కలకత్తా రేవులలో ఓడ లెక్కినవారు లక్షా యాబదివేలకు పైబడిరి. మదరాసున ఎక్కినవారిలో ఉత్తర ఆర్కాటువారు పెక్కుమంది. వారి సంతతి ఏ వీధిలో కాపురముండవలెనో శాసించిన ప్రభుత్వమునకు నాయకుడైన హెండ్రిక్ వెర్వోర్డు చరిత్రము మనకు బొత్తిగా పరాయిది కాదు.

అతడు 1901 సెప్టెంబరు 8వ తేదీన హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డాం నగరమున జన్మించెను. రెండేండ్ల బిడ్డగా తల్లిదండ్రులతో దక్షిణాఫ్రికా చేరెను. మనవారి మొదటి ఓడ డర్బను రేవు ముట్టిన నలువదిమూడేండ్లకు! అయినను 1961 వరకు ఆ ప్రభుత్వము దృష్టిలో పరదేశులు మనవారే, అతడు కాడు.

చదువులో అతడు అసామాన్యుడు. స్టెల్లెన్‌బాష్ విశ్వవిద్యాలయమున మనస్తత్త్వశాస్త్రము నభ్యసించి 1924లో డాక్టరు పట్టము పొందెను. అతడు పరిశోధించిన విషయము మానవుని భావోద్వేగములు మొద్దుబారుట. విధి ఎంత చమత్కారి! జర్మనీలో కొంతకాలము చదివి వచ్చి ఆచార్యుడై, పిదప సంఘశాస్త్రమును బోధించెను. పేదలైన శ్వేతజాతీయుల దుస్థితికి నిజముగనే కలతచెందెను. కాని ఆ కరుణ తన జాతి పొలిమేర దాటలేదు. హిట్లరు బాధకు తాళలేక 1936లో ఓడలో వచ్చిన యూదులను దేశమున దింపరాదని అడ్డుతగిలిన ఆచార్యులలో ఇతడొకడు. మరుసటి యేడు కొలువు విడిచి ‘డి ట్రాన్స్‌వాలర్’ పత్రికకు సంపాదకుడయ్యెను. అది నాజీలకు సాధనమైనదని వ్రాసిన మరొక పత్రికపై దావా వేసి 1943లో ఓడిపోయెను.

1948లో అతని పక్షము అధికారమునకు వచ్చెను. 1950లో నల్లవారి వ్యవహారముల మంత్రియై, 1953లో వారి విద్యను మిషనరీల చేతినుండి లాగుకొనెను. నల్లబిడ్డకు కూలిపనికి మించిన చదువేల యన్నది దాని సారాంశము. ముప్పదియేండ్లుగా బడిపిల్లల ముందు నిలుచుచున్న నాకు అతని కార్యములన్నింటిలోను ఇదియే క్రూరతమముగ తోచును. తుపాకి ఒక తరమును చంపును; ఇట్టి పాఠ్యప్రణాళిక పుట్టబోవు తరములను గూడ కుంటివారిని చేయును.

నివాసములను జాతులవారీగ విభజించు చట్టము 1950 నాటిది. ఆ జనవరిలోనే మన రాజ్యాంగము అస్పృశ్యతను నిషేధించినది. ఊరు వేరు, వాడ వేరుగా కట్టుకొన్న సీమలో పుట్టిన నేను ఆ చట్టమును పరదేశపు వింతగా చదువజాలను. మనము ఆచారమని సాగించినదానిని ఆచార్యుడు పటము గీయించి, కొలతలు వేయించి, పోలీసులచేత నడిపించెను. డర్బనులో తోటలు, దేవాలయములు కట్టుకొన్న కేటో మేనర్ నుండి వేలాది భారతీయ కుటుంబములు లేపబడి, దూరపు చాట్స్‌వర్తునకు తరలింపబడెను. 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొన్న తెలుగువారును ఈ కష్టమునకు వెలికాలేదు.

1958లో అతడు ప్రధానమంత్రి యయ్యెను. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో, అనుమతి చీటీల నిర్బంధమును ధిక్కరించిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా 69 మంది మరణించిరి. మూడు వారములు తిరుగకమునుపే ఒక శ్వేతజాతి రైతు అతని ముఖముపై రెండుమార్లు కాల్చెను, బ్రతికెను. శ్వేతజాతీయులు మాత్రమే ఓటువేసిన ప్రజాభిప్రాయముతో 1961 మే 31న గణతంత్రమును ప్రకటించి, కామన్వెల్తునుండి వైదొలగెను. 1966 సెప్టెంబరు 6న శాసనసభలోనే, త్సాఫెండాస్ అను సభాసేవకుడు అతనిని కత్తితో పొడిచి చంపెను. గ్రీకు తండ్రికి, మొజాంబికు తల్లికి పుట్టిన ఆ హంతకుని న్యాయస్థానము మతిలేనివానిగా తేల్చెను.

కట్టడము కర్తతో కూలలేదు; ఇంకను ఇరువదియెనిమిదేండ్లు నిలిచెను. అతని ఏలుబడిలో యావజ్జీవశిక్ష పడిన నెల్సన్ మండేలా 1994లో అధ్యక్షుడై, మరుసటి యేడు ఒరానియా గ్రామమునకు పోయి వెర్వోర్డు వృద్ధ భార్యతో కూర్చుండి తేనీరు త్రాగెను. వెర్వోర్డు మనుమడొకడు మండేలా పక్షమున చేరెను. అతని పేరిటనున్న పెద్ద ఆనకట్టకు 1996లో గరీప్ అని పేరు మారెను. చాట్స్‌వర్తు మాత్రము అచటనే యున్నది. మనవారి మునిమనుమలు నేటికిని అందు కాపురమున్నారు.