కుట్టు నేర్చిన డాక్టరు – అలెక్సిస్ కారెల్

మిర్చి బస్తా మూతి కుట్టేటప్పుడు మా నాన్న ముందు రెండు చెవులూ లాగి పట్టుకోమంటాడు. అంచు వదులైతే దబ్బనం దారి తప్పుతుంది. రక్తనాళాన్ని కుట్టడంలోనూ కీలకం అదేనని పట్టుకున్నవాడు అలెక్సిస్ కారెల్.

1873లో, పట్టుకు పేరుపడ్డ ఫ్రాన్సులోని లియాన్ నగరం పక్కన పుట్టాడు. 1894 జూన్‌లో ఆ నగరంలోనే దేశాధ్యక్షుడు కార్నోను కత్తితో పొడిచారు. కాలేయానికి పోయే పెద్ద సిర తెగింది. చుట్టూ సర్జన్లుండీ కుట్టలేకపోయారు. ఆయన పోయాడు. అప్పటికి కారెల్‌కు 20 ఏళ్లు, నా ఈడే, డాక్టరు చదువులో ఉన్నాడు. తెగిన నాళాన్ని కుట్టవచ్చునని పట్టుబట్టి, ఎంబ్రాయిడరీ చేసే ఒకామె దగ్గర కూచుని సన్నసూది పట్టడం నేర్చాడు. 1902లో తన పద్ధతి ప్రకటించాడు. గుండ్రటి మూతిని మూడుచోట్ల దారంతో పట్టి లాగితే త్రికోణమౌతుంది, ఇక తిన్నగా కుట్టుకుపోవడమే. 1904లో దేశం వదిలాడు. 1906 నుంచి న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థ. 1912లో నోబెల్ బహుమతి.

ఎక్కువమంది చెప్పని సంగతొకటుంది. కుక్కల బృహద్ధమని లోపల గాజు, లోహపు గొట్టాలు అమర్చి చూసిందీ ఆయనే. అవి నిలవలేదు.

ఇదంతా మనకెందుకంటారా? మా ఊళ్లో ట్రాక్టరు తిరగబడి, స్టీరింగు రొమ్ముకు గుద్దుకుని ఒకాయన పోయాడు. పైకి గాయమే లేదు. లోపల ఏం చిట్లిందో మాకెవరూ చెప్పలేదు. అటువంటి దెబ్బకు బృహద్ధమని, ఎడమచేతికి పోయే కొమ్మ దాటగానే చీలవచ్చు. చీలినవారిలో చాలామంది ఆసుపత్రి గడప తొక్కరు.

తొక్కినవారికి దారులు రెండు. రొమ్ము కోసి గుడ్డగొట్టం కుట్టడం ఒకటి, అది కారెల్ కుట్టే. గజ్జల్లోని ధమనిగుండా ముడిచిన గొట్టం పంపి చీలిక దగ్గర విప్పడం రెండోది. పగిలిన పైపులో చిన్నపైపు దూర్చినట్టన్నమాట. 1987లో ఖార్కివ్‌లో వొలొదోస్ అనే సర్జన్, పాత దెబ్బకు ఉబ్బిన ధమనికి ఇలా చేసి చూపాడు. 2008లో అచ్చయిన అమెరికా పరిశీలనలో 193 మంది రోగులున్నారు. కోసి కుట్టినవారిలో నూటికి 23 మందికి పైగా పోతే, గొట్టం వేసినవారిలో 7గురు. ఎవరికేది చెయ్యాలో డాక్టర్లే ఎంచారు గనక పోటీ సరిసమానం కాదు, అయినా తేడా చిన్నదా? అలాగని కుట్టు అటకెక్కలేదు. కుర్రవాళ్ల సన్నధమనిలో గొట్టం సరిగా కూచోకపోవచ్చు. వేశాక ఏళ్ల తరబడి స్కానింగులు తప్పవు.

కారెల్‌ని వట్టినే పొగడలేను. 1935 నాటి తన పుస్తకంలో కొందరు నేరస్థుల్ని, పిచ్చివాళ్లని విషవాయువుతో చంపడం మేలని రాశాడు. 1941లో హిట్లరుకు లొంగిన విషీ ప్రభుత్వం సొమ్ముతో సంస్థ నడిపాడు. ప్యారిస్‌కు విముక్తి వచ్చాక నిందలు చుట్టుముట్టాయి. విచారణ జరక్కుండానే 1944 నవంబరులో చనిపోయాడు.