ఓటు హక్కు పరిరక్షకుడు డాక్టర్ అంబేద్కర్

ఎన్నికల దినాన పోలింగు కేంద్రం ముందు భూస్వామి వెనుక వ్యవసాయ కూలీ, ఆచార్యుని వెనుక అక్షరం రాని అవ్వ ఒకే వరుసలో నిలబడటం నేడు మనకు అతి సహజంగా కనిపిస్తుంది. కాని ఈ వరుస దానంతట అది ఏర్పడినది కాదు. చట్టం కట్టిన కంచెలను ఒక్కొక్కటిగా తొలగించిన తరువాతనే ఇది సాధ్యమైంది. ఆ కృషిలో అగ్రగణ్యుడు డాక్టర్ భీమ్‌రావ్ రామ్‌జీ అంబేద్కర్. రాజ్యాంగ నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. ఓటు హక్కు కోసం ఆయన సాగించిన మూడు దశాబ్దాల పోరాటం మాత్రం మన విద్యార్థులలో చాలామందికి తెలియదు.

ఆయన 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ పట్టణంలో జన్మించారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. తల్లి భీమాబాయి. అస్పృశ్యతా శాపానికి గురియైన మహర్ కులంలో పుట్టినందువల్ల బాలుడు భీమ్‌రావ్ బడిలో ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టాపై దూరంగా కూర్చొనవలసి వచ్చింది. దాహమైతే స్వయంగా నీటిని తాకే స్వేచ్ఛ కూడా ఉండేది కాదు. అటువంటి స్థితిలోనే చదివి 1912లో పట్టభద్రుడైనారు. బరోడా మహారాజు ఇచ్చిన విద్యార్థి వేతనంతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు.

ఆయన అక్కడ చదువుకుంటున్న రోజులలో అమెరికా పరిస్థితి గమనింపదగినది. జాతి కారణంగా ఎవరికీ ఓటు నిరాకరించరాదని ఆ దేశ రాజ్యాంగం 1870లోనే శాసించింది. అయినప్పటికీ దక్షిణాది రాష్ట్రాలు అక్షరాస్యతా పరీక్షలు, తలపన్ను వంటి చట్టాలతో నల్లజాతి పౌరులను ఓటుకు దూరంగా ఉంచాయి. ఆ అడ్డంకులను సమర్థంగా తొలగించే జాతీయ శాసనం 1965లో గాని రాలేదు. హక్కును ఒక చేత ఇచ్చి, నిబంధనల పేరుతో మరొక చేత లాగివేయవచ్చునని ఈ చరిత్ర చాటుతున్నది.

మన దేశంలో ఆనాడు అంతమాత్రపు హక్కు కూడా లేదు. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల సందర్భంగా ఓటర్ల అర్హతలను నిర్ణయించేందుకు సౌత్‌బరో సంఘం ఏర్పడింది. 1919 జనవరిలో అంబేద్కర్ ఆ సంఘం ఎదుట సాక్ష్యమిచ్చారు. అప్పటికి ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడు. వయస్సు 27 సంవత్సరాలు. ఓటు కేవలం ప్రతినిధిని ఎన్నుకునే సాధనం కాదనీ, రాజకీయ జీవితంలో పాల్గొనడమే మనిషికి ఒక విద్య అనీ ఆయన వాదించారు. అస్పృశ్యులకు ఓటు అర్హతలను తగ్గించాలని కోరారు. సంఘం ఆ వాదాన్ని పెడచెవిన పెట్టింది.

దాని ఫలితం మన ప్రాంతంలో ఎట్లున్నదో ఊహించడం కష్టం కాదు. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలు అప్పుడు మద్రాసు రాజధానిలోని గుంటూరు జిల్లాలో ఉండేవి. నిర్ణీత విలువగల భూమికి పట్టాదారైనా, పట్టణంలో పన్ను చెల్లించే గృహస్థుడైనా ఓటరు కాగలిగేవాడు. కృష్ణా కాలువల కింద నాట్లు వేసిన కూలీకి, నిజాంపట్నం తీరాన వల లాగిన మత్స్యకారునికి, దూది ఏకి పొట్టపోసుకున్న నూర్‌బాషాకు ఆస్తి లేకపోతే ఓటు లేదు. ముస్లింలకు 1909 నుంచి ప్రత్యేక నియోజకవర్గాలు ఉన్న మాట నిజమే. కాని వాటిలోనూ ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలున్నవారే ఓటర్లు. మద్రాసు శాసనసభ 1921లో స్త్రీలకు పురుషులతో సమానంగా ఓటు ఇచ్చి మార్గదర్శకమైంది. అయితే ఆస్తి నిబంధన వారికీ వర్తించింది. ఆస్తి భర్త పేరున ఉండే సమాజంలో ఆ హక్కు ఎందరు ఇల్లాండ్రకు అందిందో వేరుగా చెప్పనక్కరలేదు.

1928లో సైమన్ సంఘం వచ్చినప్పుడు అంబేద్కర్ మరొక అడుగు ముందుకు వేశారు. స్త్రీ పురుష భేదం లేకుండా వయోజనులందరికీ ఓటు కావాలని కోరారు. నిరక్షరాస్యులు ఓటును వివేకంతో వినియోగించలేరని పెద్దలు అభ్యంతరం చెప్పారు. అక్షరం రానంత మాత్రాన తెలివి లేదనుకోవడం పొరపాటని ఆయన సమాధానం. తరతరాలుగా ఒక వర్గానికి చదువును నిరాకరించి, చదువు లేదన్న నెపంతోనే ఓటు కూడా నిరాకరించడం పుండు మీద కారం చల్లడమేనని ఆయన వాదనా సారాంశం. రౌండు టేబులు సమావేశాలలోను, 1932 నాటి లోథియన్ సంఘంలోను ఆయన ఈ వాదాన్ని విడువలేదు. 1935 చట్టం ఓటర్ల సంఖ్యను పెంచినా, వయోజనులలో అధిక సంఖ్యాకులు వెలుపలనే మిగిలిపోయారు.

1946లో రాజ్యాంగ సభకు బొంబాయి నుంచి ఆయనకు మార్గం మూసుకుపోయింది. జోగేంద్రనాథ్ మండల్ ప్రభృతుల తోడ్పాటుతో బెంగాల్ నుంచి ఎన్నికైనారు. దేశ విభజనతో ఆ స్థానం పోగా, 1947లో బొంబాయి నుంచి తిరిగి సభకు వచ్చారు. అదే సంవత్సరం ఆగస్టు 29న ముసాయిదా సంఘం ఏర్పడగా, దానికి అధ్యక్షులైనారు. పరిమిత ఓటర్లు ఎన్నుకున్న శాసనసభల ద్వారా ఏర్పడిన ఆ సభ, 21 సంవత్సరాలు నిండిన ప్రతి పౌరునికీ ఓటు ఇవ్వడానికి అంగీకరించింది. అదే 326వ అధికరణం.

అంతటితో పని పూర్తయిందని అంబేద్కర్ భావించలేదు. ముసాయిదాలో మొదట ప్రతి రాష్ట్రానికీ వేరే ఎన్నికల సంఘం ఉండేది. ఇంతలో కొన్ని రాష్ట్రాలలో, జాతి, భాష, సంస్కృతులలో భిన్నులైన వారి పేర్లను ఓటరు జాబితాలో చేర్చకుండా అధికారులు అడ్డుకుంటున్నారన్న వార్తలు వచ్చాయి. చట్టం ఓటు ఇచ్చినా, జాబితా రాసే చేయి దానిని కాజేయగలదని ఆయన గ్రహించారు. 1949 జూన్ 15న తమ ముసాయిదాను తామే సవరిస్తూ, ప్రభుత్వాల పెత్తనం లేని ఒకే ఎన్నికల సంఘాన్ని ప్రతిపాదించారు. రాష్ట్రాల అధికారాన్ని హరిస్తున్నారని కొందరు సభ్యులు విమర్శించారు. ఇది మౌలికమైన మార్పేనని ఆయన దాచకుండా ఒప్పుకున్నారు. ఏ రాష్ట్రంలోనూ ఏ పౌరుడూ పక్షపాతం వల్ల ఓటు కోల్పోరాదన్నదే ఆయన పట్టుదల. 324వ అధికరణం అట్లు రూపొందింది. మతం, జాతి, కులం, లింగం కారణంగా ఎవరినీ జాబితా నుంచి మినహాయించరాదనీ, అందరికీ ఒకే జాబితా ఉండాలనీ 325వ అధికరణం శాసించింది.

విధి విచిత్రమైనది. కోట్లాది ప్రజలకు ఓటు సాధించిపెట్టిన ఆ మహనీయుడు తొలి సాధారణ ఎన్నికలలో ఉత్తర బొంబాయి లోక్‌సభ స్థానంలో పరాజితులైనారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ అదే ఫలితం. తొలి ఓటమిపై న్యాయసమ్మతంగా అభ్యర్థన దాఖలు చేశారే తప్ప, తనను ఓడించిన పేద ఓటరుకు ఓటు ఎందుకు ఇచ్చామని ఎన్నడూ పశ్చాత్తాపపడలేదు. రాజ్యసభ సభ్యులుగా ఉండగా 1956 డిసెంబరు 6న ఢిల్లీలో దివంగతులైనారు.

ఆయన భయపడినది ఊహామాత్రం కాదు. తొలి ఎన్నికల జాబితాల తయారీలోనే, ఉత్తరాదిన అనేకులు తమ పేరు చెప్పక ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించుకున్నందున, సుమారు 28 లక్షల స్త్రీల పేర్లు తొలగిపోయాయి. నేడు మన ఇండ్లలో మరొక చిక్కు ఉంది. ఉర్దూ పేర్లు తెలుగులోకి వచ్చేసరికి రేషను కార్డులో ఒక విధంగా, ఓటరు జాబితాలో మరొక విధంగా నమోదవుతాయి. ఒక ఎన్నికల నాడు మా వీధికి చెందిన ఒక వృద్ధురాలు గుర్తింపు కార్డు చేతబట్టుకొని గంటసేపు వరుసలో నిలబడి, జాబితాలో పేరు లేదని విని వెనుదిరగడం నేను కన్నులారా చూశాను. ఆమె మారు మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను నేటికీ బాధిస్తున్నది.

విద్యార్థినీ విద్యార్థులారా! ఓటు వయస్సు 1989లో 18 సంవత్సరాలకు తగ్గింది. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల మొదటి తేదీలను ప్రమాణంగా తీసుకొని సంవత్సరానికి నాలుగు పర్యాయాలు అర్హతను లెక్కిస్తున్నారు. 17 నిండినవారు ముందుగానే దరఖాస్తు చేయవచ్చు. మీ పేరు నమోదు చేసుకొని అంతటితో ఆగిపోకండి. జాబితా ప్రకటించిన నాడు మీ అమ్మ పేరు, మీ నానమ్మ పేరు, పనికోసం పొరుగూరు వెళ్ళిన మీ పక్కింటివారి పేరు ఉన్నదో లేదో చదివి చూడండి. తప్పు ఉంటే గడువులోగా దిద్దించండి. అక్షరం వచ్చినవారు అక్షరం రానివారికి చేయగల ఈ చిన్న సేవలోనే అంబేద్కర్ మహాశయునికి మనం అర్పించగల నిజమైన నివాళి ఉన్నది.