గోల్కొండ వీరుడు అబ్దుల్ రజాక్ లారీ

గోల్కొండ చరిత్ర చెప్పేటప్పుడు అబ్దుల్ రజాక్ లారీ పేరు రాకుండా ఉండదు. అయితే ఆయన కథను చాలామంది సగంలోనే ఆపేస్తుంటారు. ఒళ్ళంతా గాయాలతో కొబ్బరిచెట్టు కింద పడిపోయాడు అనేదాకా చెప్పి, ఆహా ఎంత స్వామిభక్తి అని ముగిస్తారు. ఆయన అక్కడ చనిపోలేదు. తరవాత జరిగింది కూడా మన పిల్లలకు తెలియాలని ఈ సంచికలో ఆయన జీవితం రాస్తున్నాం.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్ళకు గోల్కొండ చాలా దూరం, దానితో మనకేం సంబంధం అని కొందరు అడగవచ్చు. సంబంధం లేకపోలేదు. 1650లో మీర్ జుమ్లా గండికోటను గెలిచిన కాలంలోనే కుతుబ్‌షాహీల అధికారం మన సీమలోకి బాగా చొచ్చుకొని వచ్చింది. మన గుర్రంకొండ కూడా గోల్కొండ ఏలుబడి చూసిన కోటే. గోల్కొండ పడిపోయాక మన పక్క కూడా దొరలు మారారు.

లారీ అనేది ఊరిని బట్టి వచ్చిన పేరు. ఇరాన్ దేశపు దక్షిణ భాగంలో లార్ అనే పట్టణం ఉంది. ఆ రోజుల్లో అటువైపు నుంచి ఎందరో పండితులు, సిపాయిలు, వర్తకులు దక్కనుకు వచ్చి గోల్కొండ కొలువులో పైకి వచ్చారు. అబ్దుల్ రజాక్ కూడా అలా వచ్చినవాడే. చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్‌షా, అంటే మనం తానాషా అని పిలుచుకునే ఆయన, ఇతన్ని సర్దారుగా చేసి ముస్తఫా ఖాన్ అనే బిరుదు ఇచ్చాడు.

1685లోనే మొగలు సైన్యం హైదరాబాదు నగరం మీద పడింది. 1686లో మంత్రులు అక్కన్న, మాదన్న హత్యకు గురయ్యారు. 1687 ఆరంభంలో ఔరంగజేబు స్వయంగా వచ్చి కోటను ముట్టడించాడు. ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది. వానలు, కరువు, రోగాలు మొగలులను పీడించాయి. కోటగోడ కింద సొరంగాలు తవ్వి మందు పెట్టి పేల్చితే, ఆ పేలుడు తిరగబడి తవ్వినవాళ్ళ మీదికే వచ్చి ఎందరో చచ్చారు. కోటలోనూ పరిస్థితి బాగాలేదు. ఒక్కొక్క సర్దారే డబ్బుకో పదవికో ఆశపడి అవతలికి జారిపోయాడు. తానాషా పెద్ద సేనానిగా నమ్మిన మహమ్మద్ ఇబ్రహీం అయితే ముట్టడికి ముందే పాదుషా పక్షం చేరిపోయాడు.

అబ్దుల్ రజాక్‌కు కూడా పాదుషా ఫర్మానా పంపాడు. పెద్ద మన్సబు ఇస్తాం రమ్మన్నాడు. లారీ దాన్ని బురుజు మీద తన సిపాయిల కళ్ళముందే చించేశాడు. ఈ పోరాటం తనకు కర్బలా వంటిదనీ, చివరిదాకా పోరాడతాననీ వచ్చినవాడికి చెప్పి పంపాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు.

1687 సెప్టెంబర్ 21 రాత్రి తెల్లవారుజామున ద్రోహం జరిగింది. అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు లంచం తిని ఒక దిడ్డి తలుపు తెరిచిపెట్టాడు. మొగలు సేన లోపలికి వచ్చేసింది. గోల ఎత్తగానే లారీ జీను కూడా వేయని గుర్రం ఎక్కాడు. కత్తీ డాలూ పట్టుకొని, పది పన్నెండు మంది అనుచరులతో ఆ వచ్చే ప్రవాహానికి ఎదురు పోయాడు. పదిమందితో అంత సైన్యాన్ని ఆపలేనని ఆయనకు తెలియదా? తెలిసే పోయాడు. వెంట వచ్చినవాళ్ళు చెల్లాచెదరయ్యారు. ముఖం మీదనే పన్నెండు దెబ్బలు పడ్డాయి. నుదుటి చర్మం ఊడి కళ్ళమీదికి వేలాడింది. గాయపడిన గుర్రమే ఆయన్ని నగీనాబాగు అనే తోట దాకా మోసుకుపోయింది. అక్కడ ఒక కొబ్బరిచెట్టు కింద ఆయన పడిపోయాడు.

మామూలుగా ఇక్కడ కథ ఆపేస్తారని చెప్పాం కదా. మరుసటి రోజు అటు పోయినవాళ్ళు ఆయనలో ఇంకా ప్రాణం ఉందని గుర్తుపట్టి, మంచం మీద వేసుకొని ఒక ఇంటికి చేర్చారు. మొగలు సర్దారుల్లో ఒకడు తల నరికి కోటగుమ్మానికి కట్టమన్నాడు. రూహుల్లా ఖాన్ ఒప్పుకోలేదు. కబురు పాదుషాకు చేరింది. ఔరంగజేబు ఇద్దరు శస్త్రవైద్యులను ఏర్పాటు చేశాడు. ఒకడు యూరోపియన్, ఒకడు హిందువు. ప్రతిరోజూ తనకు సమాచారం పంపమన్నాడు. వైద్యులు లెక్కపెడితే గాయాలు డెబ్భై దాకా తేలాయి. గాయం మీద గాయం పడ్డవి లెక్కకే రాలేదు. ఇలాంటి నౌకరు ఇంకొకడు తానాషాకు ఉండి ఉంటే కోట దొరకడం ఇంకా కష్టమయ్యేదని పాదుషా అన్నాడట. మత్తుమందు లేని కాలంలో అన్ని కుట్లు వేయించుకోవడం అంటే ఏమిటో మనం ఊహించుకోవలసిందే.

పదహారు రోజులకు లారీ ఒక కన్ను తెరిచి, తడబడుతూ నాలుగు మాటలు మాట్లాడాడు. బతుకుతాడని వైద్యులకు నమ్మకం కుదిరింది. పాదుషా సంతోషించి, క్షమించామనీ, కొడుకులకు మన్సబులు ఇస్తామనీ, ఆయన కూడా కొలువులో చేరవచ్చనీ చెప్పి పంపాడు.

ప్రాణం పోసినవాడు పిలుస్తున్నాడు. కొడుకుల భవిష్యత్తు ఉంది. అయినా లారీ ఒప్పుకోలేదు. చేతులూ కాళ్ళూ పనికిరాకుండా పోయాయని మొదట ఆ సాకు చెప్పాడు. అంతటితో ఊరుకోలేదు. ఒకవేళ ఒళ్ళు బాగుపడినా, అబుల్ హసన్ ఉప్పుతో పెరిగిన ఈ దేహం మరొక పాదుషా కొలువు చేయలేదని చెప్పేశాడు. మంచం మీద లేవలేని మనిషి హిందూస్థాన్ పాదుషాకు ఇచ్చిన జవాబు ఇది. ఔరంగజేబు ముఖం మారిందట. కాని పూర్తిగా కోలుకున్నాక తెలియజేయమని మర్యాదగానే చెప్పి పంపాడు. లారీ ఆస్తిలో దోపిడీకి పోగా మిగిలింది ఆయనకే తిరిగి ఇప్పించాడు.

గాయాలు మానినాయి. దర్బారుకు పిలుపు వచ్చింది. ఆయన మక్కాకు పోవడానికి సెలవు అడిగాడు. అప్పుడు పాదుషాకు కోపం వచ్చి పట్టి తెమ్మన్నాడు. మధ్యలో అడ్డుపడి నచ్చజెప్పి, ఆయన్ని తన దగ్గర కొంతకాలం ఉంచుకున్నవాడు ఫిరోజ్ జంగ్. ఈయన ఎవరు? ఇదే ముట్టడిలో గోల్కొండ ఫిరంగిగుండు తగిలి చెయ్యి తెగిపోయి మరణించిన ఖ్వాజా ఆబిద్ ఖిలిచ్ ఖాన్ కొడుకు, తరవాత హైదరాబాదు రాజ్యాన్ని స్థాపించిన మొదటి నిజాం తండ్రి. వైద్యులు ఎముక ముక్కలు ఏరుతుంటే ఆ ఖిలిచ్ ఖాన్ రెండో చేత్తో కాఫీ తాగుతూ కూర్చున్నాడని చెప్పుకుంటారు. తండ్రిని కోట బలితీసుకున్నా, ఆ కోట వీరుడి కోసం కొడుకు నిలబడ్డాడు. ఇది అందరూ చేయగలిగిన పని కాదు.

ఒక ఏడాది గడిచాక లారీ మొగలు కొలువులో చేరాడు. 4000 జాత్, 3000 సవారుల మన్సబు వచ్చింది. వెయ్యి దాటితేనే అమీరుల్లో లెక్కించే రోజులవి. గుర్రపురౌతులే బలంగా ఉన్న ఆ సైన్యంలో 3000 సవారులంటే పై వరుసలో చోటే.

చివరికి చేరాడు కదా, ఆ మాట ఏమైంది అని కొందరు వెక్కిరిస్తారు. మేము ఆ పక్షం కాదు. కోటలో ఉండి తలుపు తెరిచినవాడూ కొలువే సంపాదించాడు, ఈయనా కొలువే చేశాడు. కాని ఈయన ఏలుకున్నవాడి రాజ్యం పోయాక, కాపాడవలసింది ఏమీ మిగలక, పెద్దమనిషి మాట మీద, ఏడాది ఆగి చేరాడు. తానాషా అప్పటికి దౌలతాబాదు కోటలో ఖైదీ. మళ్ళీ గోల్కొండ ముఖం చూడకుండానే అక్కడే కన్నుమూశాడు.