తల్లిని బిడ్డ చెంతకు చేర్చిన వైద్యుడు

అనకాపల్లి జిల్లా పూడిమడక సముద్రతీరమందలి మత్స్యకారుల గ్రామము. అచ్చట నొక యింట నెలలు నిండక మునుపే బిడ్డ పుట్టినదనుకొందము. ఆ పసికందును పట్టణమునందలి పెద్దాసుపత్రిలో వెచ్చని పెట్టెలో నుంచుదురు. రక్తపరీక్షకై మడమను సూదితో పొడిచినప్పుడెల్ల బిడ్డ ముఖము ముడుచుకొని యేడ్చును. గుమ్మము వెలుపల నిలిచిన తల్లికి తోచు ప్రశ్న యొక్కటే: నేను దగ్గర నున్నచో బిడ్డకు బాధ తగ్గదా? తగ్గునని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆసుపత్రిలోని బలహీన శిశువు చెంత తల్లి యుండవలెనని తొలినాళ్లలోనే తలచిన వారిలో ఫ్రెంచి వైద్యుడు పియర్ బుడిన్ ముఖ్యుడు.

బుడిన్ 1846లో ఫ్రాన్సు దేశమున నొక పల్లెలో జన్మించెను. పారిస్ నగరమున వైద్యవిద్య నభ్యసించి, ప్రసూతివైద్యమున ప్రఖ్యాతుడైన తార్నియేకు శిష్యుడయ్యెను. కోడిగ్రుడ్లను పొదిగించు యంత్రమును జూచి, అట్టి వెచ్చని పెట్టెను శిశువులకై చేయించి, 1880 ప్రాంతమున పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో నెలకొల్పినవాడు తార్నియే. దానివలన ననేక శిశువులు బ్రదికిరి.

అయితే బిడ్డ పెట్టెలోను, తల్లి యింటిలోను ఉండిపోయిరి. 1895లో ఆ యాసుపత్రి బాధ్యత వహించిన బుడిన్ దీనిని గమనించెను. ఎడబాటు పొడిగినకొలది కొందరు తల్లులకు పాలింకిపోయెను, మమకారమును సన్నగిల్లెను. అందుచే నాయన తల్లులను రప్పించి, తామే పాలిచ్చునట్లు ప్రోత్సహించెను. అంతకు మునుపే, 1892లో, షారితే ఆసుపత్రి యందు ఇండ్లకు వెళ్లిన శిశువులను మరల రప్పించి, తూచి, తల్లులకు సలహా లిచ్చు ఏర్పాటు గావించెను. 1900లో చంటిబిడ్డలను గూర్చిన తన యుపన్యాసములను గ్రంథముగా ప్రకటించి, 1907లో కన్నుమూసెను.

ఆయన యనంతరము అంటువ్యాధుల భయముచే ఆసుపత్రులు తల్లులను మరల వెలుపలనే నిలిపెను. పసికందులకు నొప్పి సరిగా తెలియదను భ్రమయు చాలకాలము నిలిచెను. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో పెట్టెలు చాలక, వైద్యులు శిశువులను తల్లుల రొమ్ముపైననే యుంచిరి. 1987లో భారతదేశమున పుట్టిన వైద్యుడు కన్వల్‌జీత్ ఆనంద్ పరిశోధనలు, శస్త్రచికిత్సవేళ చాలినంత మత్తు లేని శిశువు దేహమెంత తల్లడిల్లునో చూపెను. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నెలలు నిండని శిశువును పుట్టినది మొదలు తల్లి రొమ్మున కానించి యుంచవలెనని సూచించెను.

సూదిపోటుకు కొంతసేపు ముందునుండియే బిడ్డను రొమ్మున కానించుకొనుట, పొడుచునప్పుడు పాలు కుడుపుట, కాలుసేతులను ముడిచి అరచేతులతో మెల్లగా పొదివిపట్టుట నొప్పిని తగ్గించును. ఇవి చిన్న పోట్లకు మాత్రమే. శస్త్రచికిత్సకు మత్తు తప్పదు. దాదులు, వైద్యులు దగ్గరనుండి నేర్పగా చేయవలసిన పనులివి.

బుడిన్ కృషి వెచ్చదనమును, పాలను గూర్చినది. నొప్పిని గూర్చినది కాదు. అయినను ఆయన పిలిచి తెచ్చిన తల్లియే నేడు బిడ్డ నొప్పికి ఉపశమనమైనది. పూడిమడక తల్లి గుమ్మము వెలుపల నిలువ నక్కరలేదు. లోనికి రావచ్చునాయని దాదిని ధైర్యముగా నడుగవచ్చును.